ఏసీ మెకానిక్ కోర్సు రివ్యూ: టిబెటన్ కుర్రాడిని చేర్చుకున్న అక్కయ్యపాలెం సెంటర్

కోర్సు చేసింది నేను కాదు, నేను దగ్గరుండి చేర్పించిన కుర్రాడు. ఫిబ్రవరిలో మొదలుపెట్టి మే ఆఖరికి పూర్తి చేశాడు. మొదటి వాయిదా నేనే కట్టాను, మధ్యలో నాలుగైదుసార్లు వెళ్ళి ఓ మూల కుర్చీలో కూర్చుని క్లాసులు చూశాను, అందుకే రివ్యూ కూడా నేనే రాస్తున్నాను. సెంటర్ పేరు మాత్రం రాయడం లేదు. "కుర్రాడి సంగతి రాస్తే రాయండమ్మా, నా బోర్డు పేరు వద్దు, రేపు ఎవరో వచ్చి ఫారినర్‌ని ఎలా చేర్చుకున్నావు అంటే ఆ తిరుగుడు నేను తిరగలేను" అన్నారు సెంటర్ నడిపే మాస్టారు. ఆయన చేసిన తప్పేమీ లేదు, అయినా అంత మంచి మనిషికే ఆ భయం ఉందంటే మిగతావాళ్ళ సంగతి మీరే అర్థం చేసుకోండి. వైజాగ్ అక్కయ్యపాలెంలో హైవే నుంచి లోపలికి వస్తే, కింద మోటార్ వైండింగ్ షాపు, పక్కన ఇరుకు మెట్లు, పైన మేడ మీద రెండు గదులు. నిజంగా అవసరం ఉన్నవాళ్ళు నన్ను అడిగితే తీసుకెళ్ళి చూపిస్తాను.

ముందు కుర్రాడి గురించి చెప్పాలి, లేకపోతే ఈ సెంటర్‌కి నేను ఎందుకింత విలువ ఇస్తున్నానో తెలియదు.

మా టైలరింగ్ షాపు పక్క ఖాళీ స్థలంలో ప్రతి నవంబర్‌లో స్వెటర్ల స్టాళ్ళు పడతాయి. వైజాగ్‌లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కార్తీకమాసంలో చలి మొదలైందంటే వాళ్ళూ దిగుతారు. మనవాళ్ళు చాలామంది వాళ్ళని నేపాలీలు అనేస్తారు కానీ వాళ్ళు టిబెటన్లు. మా పక్కకి వచ్చే కుటుంబం ఒడిశాలోని గజపతి జిల్లా చంద్రగిరి నుంచి వస్తుంది. మనం సెలవులకి జిరంగ్ బౌద్ధ మందిరం చూసొద్దామని కార్లు కట్టించుకుని వెళ్తామే, ఆ చుట్టుపక్కల క్యాంపులే. దలైలామా 1959లో టిబెట్ వదిలి మన దేశం వచ్చాక, ఆయన వెనక వచ్చినవాళ్ళకి 1963లో అక్కడ చోటు ఇచ్చారు. వానాకాలం మొక్కజొన్న వేస్తారు, చలికాలం స్వెటర్లు అమ్ముతారు. ఆ స్వెటర్లు లూథియానాలో అప్పు మీద ఎత్తుకొస్తారు, సీజన్ అయ్యేసరికి అమ్మి లెక్క కట్టేయాలి. మన ఊరి చలి ఎంతో తెలిసిందే కదా, సంక్రాంతి వెళ్ళిందంటే స్వెటర్ వైపు చూసేవాళ్ళు ఉండరు. డిసెంబర్‌లో ఒక్క తుఫాను పట్టి నాలుగు రోజులు ముసురేస్తే ఆ ఏడాదికి వాళ్ళ లాభం పోయినట్టే. తడిసిన మూటలు మా షాపు వరండాలో ఆరబెట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఈ పిల్లాడు నాకు ఎనిమిదేళ్ళ వయసు నుంచి తెలుసు. జాకెట్లకి జిప్పు పోతే నా దగ్గరికి పరిగెత్తుకుని తెచ్చేవాడు. నేను జిప్పు వేస్తుంటే కదలకుండా మిషన్ కిందే చూసేవాడు. ఓ రోజు మోటార్ బెల్టు తెగితే నేను మెకానిక్‌కి ఫోన్ చేసేలోపు వాడే కొత్త బెల్టు వేసి టైట్ చేశాడు, అప్పటికి వాడికి పన్నెండేళ్ళు. తెలుగు అచ్చం మనలాగే మాట్లాడతాడు, "ఏటి అక్కా, ఈ దారం చిక్కు పడిపోనాది" అంటాడు. ఒడియా, హిందీ, ఇంట్లో వాళ్ళ భాష, నాలుగూ వచ్చు. టిబెట్ మాత్రం కంటితో చూడలేదు. పోయిన డిసెంబర్‌లో నాతో అన్నాడు, "అక్కా, మూడు నెలల చలికి స్వెటర్లు అమ్ముతున్నాం, తొమ్మిది నెలల ఎండ ఊరికే పోతోంది. ఏసీ పని నేర్చుకుంటాను, ఎక్కడ నేర్పుతారో చూడవా" అని.

అంత చిన్న కోరిక. తీర్చడానికి రెండు నెలలు పట్టింది.

వాడి దగ్గర ఉన్న ముఖ్యమైన కాగితం ఆర్‌సీ, అంటే ఇక్కడ ఉండే విదేశీయులకి ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. టిబెటన్లకి పదహారేళ్ళు నిండితే తీసుకోవాలి, గడువు ముగిసేలోపు మళ్ళీ మళ్ళీ రెన్యువల్ చేయించుకోవాలి. వీళ్ళది పర్లాకిమిడి ఎస్పీ ఆఫీసులో. అందులో వాడి ఫోటో, వాడి పేరు, జాతీయత దగ్గర టిబెటన్ అని ఉంటుంది. ఒడిశాలో పుట్టాడు కదా, మరి మన దేశం వాడు ఎందుకు కాడు అని నేనూ అడిగాను. చట్టం అలా ఉంది. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఇక్కడ పుట్టినవాళ్ళు పుట్టుకతోనే భారత పౌరులు. ఆ లెక్క టిబెటన్లకీ వర్తిస్తుందని 2010లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్ళకి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. వాడి మేనమామ 1985లో పుట్టాడు, ఓటరు కార్డు ఉంది, పాస్‌పోర్టు ఉంది. వాడి అమ్మ 1988లో పుట్టింది. ఒకే ఇంట్లో, ఒకే తల్లికి పుట్టిన అన్నాచెల్లెళ్ళు, అన్న ఇండియన్, చెల్లెలు ఫారినర్. వాడి నాన్న నేపాల్ మీదుగా వచ్చినవాడు కాబట్టి ఆయన వైపు నుంచీ దారి లేదు. ఆ అమ్మ నా షాపులో కూర్చుని ఈ సంగతి చెప్తూ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. ఎన్ని నెలలు ముందు పుట్టి ఉంటే కొడుక్కి ఈ తిప్పలు తప్పేవో ఆవిడకి నోటికి వచ్చు.

నాకు ఇది ఎందుకింత పట్టిందో కూడా చెప్తాను. మాది బర్మా క్యాంపు. మా తాతగారు రంగూన్‌లో కొట్టు నడిపేవారు, 1962లో మిలిటరీ వచ్చి, 1964లో కొట్లన్నీ ప్రభుత్వం లాగేసుకున్నాక ఓడెక్కి వచ్చేశారు. కంచరపాలెం వైపు ఖౌస్వే, అదే బర్మా నూడుల్స్, తినడానికి వెళ్ళేవాళ్ళకి మా వీధులు తెలుసు. మా తాత దగ్గర కాందిశీకుడని రాసిన కాగితం ఉండేది, అది పాత ట్రంకు పెట్టెలో లామినేషన్ చేయించి పెట్టాం. అన్నీ పోగొట్టుకుని వచ్చినా ఆయన్ని మనవాడు అన్నారు, ఇంటికి జాగా చూపించారు, ఆయన కుట్టు మిషను కొనుక్కున్నాడు, ఆ పని మా నాన్నకి, మా నాన్న నుంచి నాకు వచ్చింది. చేతికి ఒక పని వస్తే ఇల్లు ఎలా నిలబడుతుందో నేను పుట్టిన దగ్గర నుంచి చూస్తున్నాను. ఈ పిల్లాడికి ఆ పని నేర్చుకునే గుమ్మం దగ్గరే ఆపేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

మొదట ఉచిత శిక్షణ ఇచ్చే ఒక చోటికి వెళ్ళాం. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నేర్పే కోర్సులు భారత జాతీయులకే, ఆ నిబంధన ఉంది. కౌంటర్‌లో అమ్మాయి బాగానే మాట్లాడింది, కంప్యూటర్ స్క్రీన్ తిప్పి చూపించింది, "చూడండి మేడమ్, ఈ కాలమ్ దాటితేనే తర్వాతి పేజీ వస్తుంది" అని. ఆ అమ్మాయి చేతిలో ఏముంది. కుర్రాడు పదో తరగతి మార్కుల కాగితం కవర్‌లో పెట్టుకుని, బయటికొచ్చి బండి స్టాండు తీసేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

రెండోది ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్. గ్లాసు తలుపులు, వంద శాతం ప్లేస్‌మెంట్ అని ఫ్లెక్సీ. ఆర్‌సీ చూపించాం, ఏం పర్లేదు అన్నారు, అడ్మిషన్ కింద 3,000 తీసుకున్నారు. ఇరవై రోజుల తర్వాత ఫోన్ చేసి, మీవాడు ఫారినర్ అట కదా, పోలీసుల నుంచి ఏదో లెటర్ తెమ్మన్నారు. ఏ లెటర్, ఏ ఆఫీసు నుంచి అంటే వాళ్ళకే తెలియదు. డబ్బు అడిగితే అడ్మిషన్ ఫీజు తిరిగి ఇవ్వం అని రసీదు వెనక ఉన్న గీతలు చూపించారు. ఆ 3,000 ఎన్ని మఫ్లర్లు అమ్మితే వస్తాయో నాకు తెలుసు, వాళ్ళకి తెలియదు. వాళ్ళకి భయముంటే మొదటిరోజే చెప్పాల్సింది. ఆంధ్రలో టిబెటన్ కాలనీ ఒక్కటీ లేదు కాబట్టి ఆర్‌సీ అంటే ఏంటో ఇక్కడ ఎవరికీ అలవాటు లేదు, బండి ఆర్‌సీ అనుకుని నవ్విన వాళ్ళు కూడా ఉన్నారు. కేంద్రం 2014లో టిబెటన్ల పునరావాస విధానం అని ఒకటి పెట్టింది, సంక్షేమ పథకాలు వీళ్ళకీ అందేలా చూడమని రాష్ట్రాలకి చెప్పింది. ఆ కాగితం ప్రింట్ తీసుకుని వెళ్ళినా చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అప్పుడు మా షాపుకి ఫ్యాన్ బాగుచేయడానికి వచ్చే అబ్బాయి ఈ అక్కయ్యపాలెం సంగతి చెప్పాడు.

మాస్టారికి అరవై దాటి ఉంటాయి, షిప్‌యార్డ్ వైపు కాంట్రాక్టుల్లో చాలా ఏళ్ళు రిఫ్రిజిరేషన్ పని చేసినవాడు. నేను కథంతా మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, కుర్రాడిని "నీ దగ్గర ఏ కాగితాలు ఉన్నాయి నాన్నా" అని అడిగారు. మిగతా రెండు చోట్లా వాళ్ళు మాత్రం ఏ కాగితాలు లేవో అడిగారు. ఆర్‌సీ, మార్కుల కాగితం చూసి, జెరాక్స్ తీయించి ఫైల్లో పెట్టుకున్నారు, "పేరు ఆర్‌సీలో ఉన్నట్టే అక్షరం మారకుండా సర్టిఫికెట్‌లో వేస్తాను, లేకపోతే రేపు నీకే ఇబ్బంది" అన్నారు. తర్వాత చేతులు చూపించమన్నారు. అరచేతులు తిప్పి చూసి, రాగి గొట్టం ముక్క ఒకటి ఇచ్చి కట్టర్‌తో కోయమన్నారు. అదే అడ్మిషన్.

ఫీజు నాలుగు నెలలకి 14,000, మూడు వాయిదాలు. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర ఒక బ్యాచ్, సాయంత్రం ఆరున్నరకి ఇంకొకటి. పగలు పని చేసుకునేవాళ్ళు కూడా రావచ్చు, మావాడు పగలంతా ఒక టీ కొట్టులో చేసేవాడు. బ్యాచ్‌కి పన్నెండు మందిని మించి తీసుకోరు.

మొదటి నెల కరెంటు. క్లాంప్ మీటర్, కెపాసిటర్ చెక్ చేయడం, ముట్టుకునే ముందు కెపాసిటర్ డిశ్చార్జ్ చేయడం (అంటే అందులో నిలవున్న కరెంటు షాక్ కొట్టకుండా తీసేయడం), ఎర్తింగ్. విసుగొచ్చేదాకా ఇదే చేయిస్తారు, మానేసినవాళ్ళు కూడా ఈ నెలలోనే మానేశారట. రెండో నెల ఫ్రిజ్. మూడో నెల నుంచి స్ప్లిట్ ఏసీలు. గ్యాసుల గురించి బాగా చెప్తారు. పాత యూనిట్లలో ఆర్ 22, అది 2030కల్లా దాదాపు పూర్తిగా తీసేయాలని అంతర్జాతీయ ఒప్పందం ఉంది కాబట్టి దాని మీదే బతుకుదామనుకోవద్దు అంటారు. ఆర్ 410ఏకి ప్రెషర్ ఎక్కువ, పాత గేజులు పనికిరావు. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్ 32 కొద్దిగా మండే గుణం ఉన్నది, గది మూసేసి గ్యాస్ వెల్డింగ్ టార్చ్ వెలిగించకూడదు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ వైపు ఔట్‌డోర్ యూనిట్లు సముద్రం గాలికి ఎలా తినేస్తాయో పాత కాయిల్స్ తెచ్చి చూపిస్తారు. నేను వెళ్ళిన రోజు అలాంటి కాయిల్ ఒకటి కుర్రాళ్ళ చేతికిచ్చారు. వెండి రంగు రేకులు వేలు తగిలితే చాలు పిండిలా రాలిపోతున్నాయి.

ఆరోజే ఫ్లేరింగ్ క్లాసు. రాగి గొట్టం చివర గరాటులా విప్పడం అన్నమాట, నట్టు బిగిస్తే గ్యాసు బయటికి రాకుండా కూర్చోవాలి. చూడ్డానికి రెండు నిమిషాల పని. మావాడు మొదటిది విప్పాడు, అంచు దగ్గర జుట్టంత పగులు. రెండోది ఓ పక్కకి వాలింది. మాస్టారు ఏమీ అనలేదు, పగిలిన ముక్క వాడి బొటనవేలు మీద పెట్టి గీకారు, "తగిలిందా?" అన్నారు. కోసిన తర్వాత లోపల గరుకు తీయకుండా విప్పాడన్నమాట. రీమర్ పెట్టి, గొట్టం తలకిందులుగా పట్టుకుని, రాగి పొడి లోపల పడకుండా గరుకు తీయడం చూపించారు. ఏడో ముక్కకి వచ్చింది. దాన్ని బిగించి, నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాశారు. బుడగ వస్తే లీకు. మేమంతా ఆ నురగ వైపే చూస్తున్నాం, గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బుడగ రాలేదు. వాడు గేజు ముల్లు ఇంకో అరగంట చూశాడు, ముల్లు కదల్లేదు. ఆ ఏడో ముక్కని ఇంటికి తెచ్చుకున్నాడు, వాళ్ళమ్మ దాన్ని స్టాల్ సామాన్ల డబ్బాలో దాచింది.

ఏప్రిల్‌లో ఆర్‌సీ రెన్యువల్ పడింది. గడువు దాటకూడదు. ఇక్కడ మొదటిసారి నాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే వెళ్ళిన పని ఒక్కరోజులో అవుతుందో, వారం కూర్చోబెడతారో వాళ్ళకే తెలియదు, సరిగ్గా అప్పుడే గ్యాస్ వెల్డింగ్ మొదలవుతోంది. పదకొండు రోజులు పోయాయి. తిరిగొచ్చేసరికి బ్యాచ్ ముందుకి వెళ్ళిపోయింది. మాస్టారు మూడు ఆదివారాలు వాడొక్కడి కోసం తలుపు తీశారు, పైసా అదనంగా తీసుకోలేదు. "నువ్వు సినిమాకి వెళ్ళి మానలేదు కదరా" అన్నారట. ఈ ఒక్క మాటకే నేను ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాను. ఇలాంటి పిల్లల చదువు మధ్యలో ఆగిపోయేది ఇలాంటి చోటే. ఫీజు కట్టగలిగినా, తెలివి ఉన్నా, ఆఫీసు పిలిచినప్పుడు వెళ్ళాలి, వెళ్ళి వచ్చేసరికి హాజరు తక్కువైందని పేరు కొట్టేస్తారు.

లోపాలు కూడా రాయాలి. మేడ మీద రేకుల గది, మే నెలలో లోపల ఉడికిపోయారు, ఏసీ నేర్పే చోట ఒక్క గదికైనా ఏసీ నడపొచ్చు కదా అని చెప్పాను, కరెంటు బిల్లు అన్నారు. గొట్టాల్లో గాలి లాగేసే వ్యాక్యూమ్ పంపులు రెండే, పన్నెండు మంది వంతులు వేసుకోవాలి. ఇన్వర్టర్ ఏసీల బోర్డుల మీద నాలుగే క్లాసులు, అవి చాలవు. నోట్సు ఇంగ్లీషులో, అదీ జెరాక్స్ మీద జెరాక్స్, సగం అక్షరాలు కనపడవు. తెలుగులో రాయించమని చెప్పాను, మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ చెప్తాను. ఆడపిల్లలకి బాత్రూమ్ సౌకర్యం లేదు.

అన్నిటికంటే పెద్ద లోపం సర్టిఫికెట్. అది మాస్టారి సంతకంతో ఇచ్చే కాగితమే, ప్రభుత్వ గుర్తింపు లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఐటీఐ ఉందా అన్నారు. చేర్చుకునే ముందే మాస్టారు ఈ విషయం దాచకుండా చెప్పారు, అయినా బాధ బాధే. పని వచ్చినవాడి చేతిలో చెల్లే కాగితం లేకపోతే వాడు ఎప్పటికీ ఇంకొకరి కింద హెల్పరే. ఇది ఒక మేడ మీద సెంటర్ సరిచేయగలిగింది కాదు, పథకాలు రాసేవాళ్ళు సరిచేయాలి.

మా పిన్ని కూతురు ఔస్‌బిల్డుంగ్, అంటే పని చేస్తూ నేర్చుకునే వృత్తి శిక్షణ కింద జర్మనీలో నర్సింగ్ నేర్చుకుంటోంది, ఇక్కడే వైజాగ్‌లో భాష నేర్చుకుని వెళ్ళింది. ఈ కుర్రాడి గొడవ చెప్తే, వాళ్ళ క్లాసులో ఆఫ్ఘన్ అబ్బాయి ఉన్నాడని చెప్పింది. ఆశ్రయం ఇవ్వం అని కాగితం వచ్చేసినా, వెనక్కి పంపించడం ప్రస్తుతానికి ఆపారు, దాన్ని డుల్డుంగ్ అంటారట. అలాంటివాళ్ళు రెండు మూడేళ్ళ వృత్తి శిక్షణకి ఒప్పందం కుదుర్చుకుంటే, ఆ శిక్షణ అయ్యేదాకా పంపించకూడదు, పాసై అదే పనిలో చేరితే ఇంకో రెండేళ్ళు ఉండడానికి అనుమతి ఇస్తారు. 2016లో తెచ్చిన చట్టం అది, మూడు ప్లస్ రెండు అంటారు, 2020 నుంచి దానికి విడిగా ఒక సెక్షనే ఉంది. అక్కడా సుఖంగా ఏమీ లేదట, గుర్తింపు కాగితాలు తేలకపోతే అదీ దొరకదు, ఆఫీసుని బట్టి అధికారి మనసుని బట్టి మారుతుంది. కానీ నేర్చుకుంటున్నన్నాళ్ళూ కదపకూడదు అని ఒక నియమం రాసిపెట్టి ఉంది. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, శరణార్థులందరికీ కలిపి ఒక చట్టమూ లేదు. అందుకే మావాడికి ఆ నియమం స్థానంలో ఒక మాస్టారి మూడు ఆదివారాలు దొరికాయి.

ఇప్పుడు కుర్రాడు మురళీనగర్ వైపు ఒక మెకానిక్‌తో తిరుగుతున్నాడు, సర్వీస్‌కి వెళ్తే రోజుకి 500, గ్యాస్ చార్జింగ్ ఉంటే కొంచెం ఎక్కువ. జూన్‌లో మా షాపు పాత ఏసీ వాడే విప్పి కడిగాడు. నేను పక్కనే నిలబడి చూశాను, కెపాసిటర్ ముట్టుకునే ముందు ఆగి డిశ్చార్జ్ చేశాడు, పక్కన గురువు లేడు, అయినా చేశాడు. నవంబర్‌లో మళ్ళీ స్వెటర్ల దగ్గర కూర్చుంటానంటున్నాడు, ఈ ఏడాది సరుకుకి సగం అప్పు తక్కువ చేశారట.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. పోయిన ఒక్కటీ వ్యాక్యూమ్ పంపులకి, జెరాక్స్ నోట్సుకి.

తర్వాతి బ్యాచ్ ఆగస్టు మొదటి వారంలో అన్నారు. వెళ్ళేవాళ్ళు ఫోటోలు రెండు, మీ దగ్గర ఏ కాగితం ఉంటే దాని జెరాక్స్ తీసుకెళ్ళండి. ఆర్‌సీ ఉన్నవాళ్ళు రెన్యువల్ తేదీ మొదటిరోజే మాస్టారికి చెప్పేయండి, దాన్ని బట్టి ఆయన క్లాసులు సర్దుతారు. పొద్దున బ్యాచ్‌కి వెళ్ళండి, గది చల్లగా ఉంటుంది, పంపు త్వరగా దొరుకుతుంది. కాటన్ చొక్కా వేసుకోండి, నైలాన్‌వి వద్దు, టార్చ్ దగ్గర నిప్పురవ్వ పడితే ఒంటికి అంటుకుపోతాయి.